లాకుల దగ్గరికి కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకు

పసుప్పచ్చ తొట్లున్న ఆ జెయింట్ వీల్ ఫోటో చూడని కుర్రాళ్లు ఇప్పుడు అరుదు. అది ఉక్రెయిన్‌లో ప్రిప్యాత్ అనే ఊరిది. 1986 మేడే పండక్కి అక్కడి పార్కు తెరవాలని అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఏప్రిల్ 26న పక్కనే ఉన్న చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలింది. మర్నాడు బస్సులు వరసగా వచ్చి దాదాపు 49 వేల మందిని ఎక్కించుకుని వెళ్లిపోయాయి. చక్రం మాత్రం అక్కడే నిలబడిపోయింది. నలభై ఏళ్లుగా ప్రపంచంలోని కెమెరాలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి.

నెల్లూరులో మా నాన్న పెట్టిన ఫోటో స్టూడియోను ఇప్పుడు నేను నడుపుతున్నాను. కొత్తగా కెమెరా కొన్న పిల్లలు లెన్సు తుడిపించుకోవడానికో, ప్రింట్లు వేయించుకోవడానికో వస్తారు. ఫోన్లో ఆ చక్రం ఫోటో చూపించి, ‘అక్కా, మన పక్క ఇట్టాంటి పార్కు ఏదన్నా ఉండాదా?’ అని అడుగుతారు. లేదనే చెప్పాలి. మన జెయింట్ వీల్ లారీ ఎక్కి తిరునాళ్లకు వస్తుంది. జనం ఉన్నన్నాళ్లు తిరుగుతుంది, ఆ తర్వాత బోల్టులు విప్పించుకుని ఇంకో ఊరికి పోతుంది. పాడుబడేందుకు దానికి తీరికే ఉండదు.

పాడుబడిన చోటే కావాలంటే మాత్రం మన జిల్లా తీరం పొడుగునా ఒకటి పడి ఉంది. మైపాడుకో కొత్తకోడూరుకో సముద్రం చూడటానికి పోయేటప్పుడు దాటుకుంటూ పోతాం గానీ దాని వంక చూడం. బకింగ్‌హామ్ కాలువ. దాని లాకులు, దాని గట్లు, దాని పాత వంతెనలు. పిల్లలు అడిగినప్పుడల్లా నేను అక్కడికే పొమ్మంటాను. అయితే ఊరికే పంపను, కొన్ని మాటలు చెప్పి పంపుతాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలతో పాటు జిల్లాను నడిపే పెద్దలకు కూడా అందులో చెప్పవలసింది ఉంది.

ముందు ఆ కాలువ కథ తెలియాలి. తెలియకుండా తీసిన ఫోటోలో తుమ్మచెట్లు, నాచు తప్ప ఇంకేమీ కనపడవు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వడంతో ఇది మొదలైంది. బాసిల్ కోక్రేన్ అనే దొర పెట్టుబడి పెట్టాడు కాబట్టి మొదట్లో కోక్రేన్ కాలువ అన్నారు. 1837లో కంపెనీ ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత పులికాట్ దాటి, మన జిల్లా అంతా దాటి, ఉత్తరాన పెదగంజాం దాకా సాగింది. అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసి, అటు కృష్ణా, ఏలూరు, గోదావరి కాలువల మీదుగా కాకినాడ వరకు దారి కుదిరింది. దక్షిణాన మరక్కాణం దాకా పోయింది. పెదగంజాం నుంచి మరక్కాణానికి 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు మన ఆంధ్రలోనే ఉన్నాయి.

ఈ పేరు వెనక ఆకలి ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని తినేసిన కరువులో మన నెల్లూరూ ఉంది. ఆ కరువుకు దక్షిణ భారతంలో అర కోటి మందికి పైగా చచ్చిపోయారని చరిత్రకారుల లెక్కలు చెబుతాయి. ఆ రోజుల్లో కరువు పనుల కింద కూలీల చేత కాలువ పనులు చేయించారు. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే 8 కిలోమీటర్ల ముక్క అట్లా తవ్వించినదే. కరువు పనులు చూడటానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కన్నా తక్కువ. ఆ తిండితో పొద్దు గూకేదాకా మట్టి మోశారు. 1878లో కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు. మట్టి మోసిన వాళ్లలో ఒక్కరి పేరూ ఎక్కడా రాయి మీద లేదు. అందుకే ఆ గట్టు మీద నిలబడి ఫోటో తీసేవాళ్లు కనీసం ఈ సంగతి ఎరిగి తీయాలని నేను పట్టుబడతాను.

మా తాత, అంటే మా అమ్మ వాళ్ల నాన్న, ఈ కాలువ మీద పడవ నడిపిన మనిషి. సొంత పడవ కాదు, షావుకారిది. ఆయన చెప్పగా విన్నవే నాకు తెలిసిన కాలువ సంగతుల్లో సగం. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవాళ్లట. లేకపోతే గెడ వేయడం, అదీ సాగకపోతే గట్టున ఇద్దరు దిగి భుజానికి తాడు తగిలించుకుని లాగడం. ఇక్కడి బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు పోయేవి. శ్రీహరికోట అడవి కట్టెలతో మద్రాసులో ఎన్ని పొయ్యిలు వెలిగాయో ఎవరూ లెక్క కట్టలేరు. 1971లో అదే దీవి నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. అంతకు ముందు దానికి బయటి లోకంతో ఉన్న దారుల్లో ఈ కాలువ పెద్దది. తిరుగు ప్రయాణంలో పడవల్లో సామాన్లు వచ్చేవి, పెళ్లివాళ్లు వచ్చేవాళ్లు. లాకు దగ్గర వంతు కోసం పడవలు ఆగితే గట్టునే మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకునేవాళ్లు. అట్లా ఆగిన పొద్దుల్లోనే సంబంధాలు కలుపుకున్నారని మా తాత చెప్పేవాడు. మా అమ్మమ్మతో ఆయన పెళ్లి అట్లా కుదిరిందే.

1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు వేశాక కాలువకు మొదటి దెబ్బ తగిలింది. తర్వాత లారీలు వచ్చాయి. 1965, 1966 తుపాన్లకు గట్లు తెగి, ఇసుక మేట వేసింది. పూడిక తీయడానికి మళ్లీ ఎవరూ గట్టిగా పూనుకోలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపాను మిగిలినదాన్ని చితక్కొట్టాయి. తాత చివరిసారి ఏ సంవత్సరంలో పడవ నడిపాడో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆయన పడవ మీద నిలబడిన ఫోటో కూడా లేదు. అల్లుడికి ఫోటో స్టూడియో ఉండి కూడా, కాలువ అంటే రోజూ కనపడేదే కదా అని ఎవరూ తీయలేదు.

ఇప్పుడు లాకు సంగతి. మన తీరంలో కాలువ చాలా చోట్ల నదుల్ని, ఉప్పుటేరుల్ని అడ్డంగా దాటాలి. పెన్న ఉంది, కండలేరు ఉంది, స్వర్ణముఖి ఉంది. దాటేచోట నదికి ఇటొకటి అటొకటి లాకులు కట్టారు. రెండు జతల తలుపులు, వాటి మధ్య పడవలు పట్టే తొట్టి. ఒక జత తెరిచి పడవను లోపలికి రానిచ్చి మూస్తారు. నీళ్లు సమానమయ్యాక రెండో జత తెరుస్తారు. నది వరద, ఇసుక కాలువలోకి దూరకుండా, కాలువ నీళ్లు నదిలోకి జారిపోకుండా కాపాడేవి ఈ తలుపులే. అవి పోయిన తర్వాత కాలువ దిక్కులేనిదయింది.

పెన్నకు దక్షిణాన నేను తరచూ పోయే లాకు ఒకటుంది. దాని ఊరి పేరు రాయను. పాత కట్టడం ఫలానాచోట ఉందని పేపర్లో పడితే, ట్రాక్టరు తీసుకుని రాళ్ల కోసం వచ్చేవాళ్లు మనలోనే ఉన్నారు. కొన్ని చోట్ల ఆ పని ఇప్పటికే జరిగిపోయింది. ఈ లాకుకు మాత్రం రెండు పక్కల గోడలూ నిలిచి ఉన్నాయి. కొయ్య తలుపులు కుళ్లిపోయి, వాటిని పట్టి ఉంచిన ఇనుప పట్టీలు మాత్రం గోడనుంచి వేలాడుతున్నాయి. ఉప్పు గాలికి ఇనుము పొరలు పొరలుగా లేచి, వేలితో తాకితే అప్పడంలా విరుగుతుంది. నీళ్లు తాకేంత ఎత్తు వరకు గోడకు ఆలిచిప్పలు కరుచుకుని ఉన్నాయి. ఆ పైన నాచు గీత. ఇంకా పైన, గోడ నెత్తిన, రాతి అంచుల్లో బొటనవేలు పట్టేంత వెడల్పున గాళ్లు పడి ఉన్నాయి. పక్కపక్కనే నాలుగైదు, కొంచెం ఏటవాలుగా. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఉలితో చెక్కారనుకునేవాళ్లే ఎక్కువ. చెక్కలేదు. పడవల తాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని రాయి అరిగింది. కొబ్బరి పీచుతాడు రాయిని కోయాలంటే ఎన్ని వేల పడవలు పోయి ఉండాలి, ఎన్ని భుజాలు ఆ తాడు కింద కాయలు కాసి ఉండాలి!

ఈ గాళ్లను ఫోటో తీయడం అంత తేలిక కాదు. మిట్టమధ్యాహ్నం పోతే తెల్లటి ఉప్పు నేల వెలుగు కంట్లో కొట్టి, రాయి పలకలా చదునుగా పడుతుంది. ఒక్క గాడీ కనపడదు. పొద్దున్నే, ఎండ రాతి మీద పక్కగా పాకేటప్పుడు పోవాలి. అప్పుడు గాడిలో నీడ నిలుస్తుంది. పక్కన అంగుళాల గుర్తులున్న కర్ర ఒకటి పెట్టి ఒక ఫోటో, కర్ర తీసేసి ఇంకో ఫోటో తీయాలి. కాసేపట్లో ఎండ నెత్తికెక్కుతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా లాభం లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు మాత్రం పొద్దు గూకేవేళ ఎర్రటి ఆకాశం ముందు లాకును నల్లటి నీడగా నిలబెట్టి తీసుకొస్తారు. చూడ్డానికి బాగుంటుంది. అందులో లాకు లేదు, ఆకాశం ఉంది. ఆ ఫోటో పులికాట్‌లో తీశామన్నా నమ్మొచ్చు, గోవాలో తీశామన్నా నమ్మొచ్చు.

పాడుబడిన చోట్లను ఫోటో తీసేవాళ్ల మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. చోటు పోయి అందం మిగులుతుంది. ప్రిప్యాత్‌లో అంతకన్నా దారుణం జరిగింది. అక్కడి పిల్లల బడుల్లో మంచాల మీద బొమ్మలు, వాటి ముఖాలకు గ్యాస్ మాస్కులు ఉన్న ఫోటోలు లోకమంతా తిరిగాయి. వాటిలో చాలా వాటిని చూడటానికి వచ్చినవాళ్లు, ఫోటోగ్రాఫర్లే అట్లా అమర్చారు. ఒకరు అమర్చిపోయింది ఇంకొకరు నిజమనుకుని తీశారు. ఊరు వదిలిన తల్లి ఆ ఫోటో చూస్తే, తన బిడ్డ మంచం మీద తను పెట్టనిది కనపడుతుంది. అంత పెద్ద విషాదానికి అబద్ధం తోడు చేయవలసిన పనేముంది? మన లాకు దగ్గరా ఆ వాసన మొదలైంది. పెళ్లికి ముందు ఫోటోల కోసం వచ్చినవాళ్లు గోడ మీద రంగు పొగ డబ్బాలు పేల్చి వెళ్లారు. ఆ గులాబీ మరక ఇంకా రాయి మీద ఉంది. నా వృత్తివాళ్లే, నాకు తెలిసినవాళ్లే. మొహం మీదే చెప్పాను, ఇప్పుడు ఇక్కడా చెబుతున్నాను. గోడకు ఏమీ పూయొద్దు, ఏమీ తగిలించొద్దు, అక్కడున్నది అక్కడినుంచి జరపొద్దు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. ‘నరమానవుడు లేని చోటు’ అని కింద రాసి పెడతారు. ఎవరు చెప్పారు లేరని? ఆ లాకు గోడ నీడన యానాది కుటుంబాలు రోజూ ఉంటాయి. తొట్టిలో నీళ్లు తగ్గే వేళకు మోకాలి లోతున దిగి చేత్తో మండపీతలు పడతారు. రొయ్యపిల్లలు, జెల్లలు దొరుకుతాయి. తీరం పాళేల్లో పట్టపువాళ్లు గాలీవానకు చిన్న పడవలను కాలువలోకే తెచ్చి కట్టుకుంటారు. ఒకసారి నేను ట్రైపాడ్ వేసుకుని, ఒక ముసలమ్మ నీళ్లలోంచి పక్కకు పోతే బాగుండునని ఆగాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, ‘ఏంది మే, ఈ గోడలేనా తీసేది, మేం కనపళ్లేదా?’ అంది. ఆమె అమ్మానాన్నలు శ్రీహరికోట నుంచి వచ్చినవాళ్లు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు అక్కడి యానాదులను తరలించారు. వాళ్లు వచ్చి ఈ కాలువ ఒడ్డున గుడిసె వేసుకున్నారు. ఎవరో వదిలేసిన లాకు ఇంకొకరికి బతుకుదెరువైంది. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాక తీసిన ఫోటోయే ఆ లాకు గురించి నా దగ్గర ఉన్నవాటిలో నిజమైనది. బుట్టలో పీతలు, వెనక అరిగిన రాయి, రెండూ ఒకే ఎండలో ఉన్నాయి. ప్రింటు వేసి ఆమెకు ఒకటి ఇచ్చాను.

అట్లాగని పాడుబడిన చోట్లను తీయడమే తప్పని నేనను. తీయకపోతే ఏమవుతుందో మన తీరానికే బాగా తెలుసు. వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టి, కోట కట్టుకున్నారు. ఆ చోటును వాళ్లు ఆర్మగాన్ అన్నారు, సాయం చేసిన ఆర్ముగ మొదలియారు మీదుగా ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఈ దేశంలో వాళ్లు కట్టుకున్న మొట్టమొదటి కోటల్లో అదొకటి. అప్పటికి మద్రాసు అనే నగరమే లేదు. ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయి 1639లో మద్రాసు నేల సంపాదించాడు. మరుసటి సంవత్సరం అందరూ అటు తరలిపోయారు. ఒక మహానగరం మన ఊరి గర్భాన పుట్టిందన్నమాట. దుగరాజపట్నం పోయి ఆ కోట ఎక్కడ ఉండేదో చూపించమంటే ఇసుక, సరుగుడు తోటలు చూపిస్తారు. ఆ కాలంలో కెమెరా లేదు, సరే. మన కాలువ కూలిపోతున్న ఈ అరవై ఏళ్లూ కెమెరా ఉంది కదా!

జపాన్‌లో నారా అనే పాత రాజధాని ఉంది. అక్కడ 1961లో డిస్నీలాండ్‌ను చూసి కట్టిన డ్రీమ్‌ల్యాండ్ అనే పార్కు 2006లో మూతపడింది. పదేళ్లు అట్లాగే వదిలేశారు. కొయ్యతో కట్టిన రోలర్ కోస్టర్‌కు తీగలు అల్లుకున్నాయి. దొంగచాటుగా దూరి తీసినవాళ్లు కొందరు, బయటినుంచి తీసినవాళ్లు కొందరు. 2016లో కూల్చడం మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి నేలమట్టం చేశారు. ఆ పార్కులో చిన్నప్పుడు ఆడుకున్నవాళ్లకు ఇప్పుడు మిగిలింది ఆ ఫోటోలే. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పార్కుదీ దాదాపు అదే కథ. 2005లో కత్రినా తుపానుకు మునిగింది, మళ్లీ తెరవలేదు. సినిమావాళ్లు షూటింగులు చేసుకున్నారు. చివరికి ఈమధ్యే కూల్చడం మొదలైంది. తుపాను తర్వాత ఒక చోటు ఎట్లా మెల్లగా చస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు గానీ, దాన్ని ఏడాది ఏడాదీ బొమ్మ కట్టి ఉంచుకోవడం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

నాకు ఎక్కువ నచ్చింది బెర్లిన్ పద్ధతి. తూర్పు జర్మనీ రోజుల్లో 1969లో అక్కడ పెట్టిన పార్కును తర్వాతి రోజుల్లో స్ప్రీపార్క్ అన్నారు. దివాలా తీసి 2001లో మూతపడింది. కంచె దూకి లోపలికి పోయేవాళ్లు ఎక్కువయ్యారు. నగరం ఆ నేలను వెనక్కి తీసుకుంది. చూడాలనుకున్నవాళ్లను మనిషిని తోడిచ్చి తిప్పి చూపించింది. 2021లో జెయింట్ వీల్‌ను విప్పి బాగుచేతకు పంపింది. అంతా తుడిచిపెట్టకుండా, పాతది ఎంత నిలబడుతుందో చూసుకుని దాని చుట్టూ కొత్త పార్కు కట్టుకుంటున్నారు. దూకే కంచె బదులు తెరిచే గేటు పెట్టారు. అంత పని మన దగ్గర ఒక్క లాకుకు చేయలేమా?

చేయవలసిన అవసరం ముంచుకొస్తోంది. 2008 నవంబరులో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017 అక్టోబరులో మన జిల్లా మనిషే అయిన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా కృష్ణా నది మీది భాగానికి శంకుస్థాపన చేశారు. మన తీరం దాకా ఆ పనులు వస్తే, వెడల్పాటి పడవలు పోవాలంటే పాత లాకులు చాలవు. వాటిని పగలగొట్టకుండా పని సాగదంటారు. నేను జలమార్గానికి అడ్డం కాదు. తాత నడిపిన నీళ్ల మీద మళ్లీ పడవలు పోతుంటే నాకన్నా సంతోషించేవాళ్లు ఉండరు. కాలువ పూడిక తీయడం తీరానికే మంచిది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు లోపలికి దూసుకొచ్చిన నీళ్లను ఈ కాలువ చాలాచోట్ల పట్టుకుని పక్కకు నడిపింది. అది చూశాక దాన్ని కాపాడుకోవాలని చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ పొక్లెయిన్ దిగే ముందు ప్రతి లాకునూ కొలిచి, ఫోటోలు తీసి, కాగితం మీద పెట్టాలి. జిల్లా మొత్తానికి ఒక్క లాకునైనా తొట్టి, తలుపులు, ఇనుప సామానుతో సహా నిలబెట్టాలి. కొత్త కాలువను నాలుగు గజాలు పక్కకు తవ్వినా ఏ పడవా ఆగిపోదు.

‘తెల్లవాడు కట్టింది, కరువులో మనవాళ్ల చేత వెట్టి చేయించింది, దాన్ని నిలబెట్టుకోవడం దేనికి’ అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆయన కోపం అర్థమవుతుంది. నేనూ ఆ కోపంతోనే మాట్లాడుతున్నాను. కట్టించింది తెల్లవాడు, కట్టింది మనవాళ్లు. ఆ కరువులో ఆకలితో పనిచేసిన మనిషికి వేరే సమాధి లేదు, వేరే శిలాఫలకం లేదు. కాలువ కూడా లేకపోతే ఆ మనిషి అసలు ఉన్నాడనే గుర్తే పోతుంది. లాకు దగ్గర ఒక బోర్డు పెట్టి అందులో డ్యూకు పేరు ఒక్క వరుసలో రాసి, పౌను ధాన్యానికి మట్టి మోసినవాళ్ల సంగతి మిగతా పది వరుసల్లో రాయండి. బడిపిల్లల్ని బస్సులో తీసుకొచ్చి అది చదివించండి.

అక్కడికి పోయే పిల్లలకు జాగ్రత్తలు కూడా చెప్పాలి. లాకు తొట్టిలోకి దిగొద్దు. పైన జానెడు నీళ్లే ఉన్నా కొన్నిచోట్ల కింద నిలువెత్తు అడుసు ఉంటుంది, ఎక్కడ దిగొచ్చో రోజూ దిగేవాళ్లకే తెలుసు. గోడ పగుళ్లలో పాములుంటాయి, సర్కారు తుమ్మ ముళ్లు చెప్పులోంచి దిగుతాయి. పోటు వేళలు ఊళ్లో అడిగి తెలుసుకోండి. ఒంటరిగా పోవద్దు. శ్రీహరికోట వైపు, కృష్ణపట్నం రేవు వైపు డ్రోన్లు ఎగరేయకూడదు, అవి భద్రత ఉన్న చోట్లు. రొయ్యల గుంటల గట్లు ఒకరి సొంతం, అడిగి నడవండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. టీ కూడా ఇస్తారు.

ఫోటో తీసేటప్పుడు ముందు దూరం నుంచి లాకు మొత్తం, చుట్టూ ఉన్న నేలతో సహా పట్టేట్టు తీయండి. తర్వాత నాలుగు దిక్కులు. తర్వాత రాయి రాయికీ మధ్య సున్నం, ఇనుప కడియాలు, తాడు గాళ్లు, రాళ్ల మీద గుర్తులు ఏవైనా ఉంటే అవి. మీరు నిలబడిన చోట ఒక గుర్తు పెట్టుకుని, మరుసటి ఏడాది అదే చోట, అదే నెలలో, అదే లెన్సుతో మళ్లీ తీయండి. ఎంత కూలిందో, తుమ్మ ఎంత పెరిగిందో ఆ రెండూ పక్కపక్కన పెడితే ఏ ఇంజనీరూ కాదనలేడు. రంగులు పెంచొద్దు. తేదీ, ఊరు, ఆ చోటును ఊళ్లో వాళ్లు ఏమని పిలుస్తారో రాసుకోండి. అక్కడ కూర్చున్న ముసలాయన ఏదైనా చెబితే ఫోన్లో రికార్డు చేసుకోండి, ఆయన ఒప్పుకుంటేనే. తాడు లాగినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు చాలా కొద్దిమంది. వాళ్లందరూ ఎనభై దాటినవాళ్లు.

ఆ ఫోటోలు దాచడానికి ఒక చోటు కావాలి. ఫోన్లలో ఉన్నవి ఫోనుతోనే పోతాయి. జిల్లా గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక కంప్యూటరు, వాటిని చూసుకునే ఒక మనిషి ఉంటే చాలు. జలవనరుల శాఖ పాత పటాలను, లాకుల కొలతల కాగితాలను అక్కడికే నకళ్లు ఇస్తే, చదువుకునే పిల్లలకు పనికొస్తాయి. అంతదాకా మా స్టూడియోలో నేను మొదలుపెట్టాను. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, చిల్లకూరు, కోట, వాకాడు వైపు వాళ్లు ఎవరి ఇంట్లోనైనా పాత ట్రంకు పెట్టెలో పడవ ముందు దిగిన ఫోటో, లాకు దగ్గర దిగిన పెళ్లివాళ్ల ఫోటో, పడవ సుంకం రసీదు, ఏదున్నా తీసుకురండి. మీ ముందే స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తాను, డబ్బులు తీసుకోను. వెనక ఏమైనా రాసి ఉంటే అది చెరిగిపోకుండా చూసుకోండి. ఏమీ రాసి లేకపోతే, వచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అందులో ఉన్నది ఎవరెవరో పెన్సిలుతో రాయించుకుని రండి.